తిరిగొచ్చేదానికే అంత దూరం పోవాలి

మన తెలుగిళ్ళల్లో విదేశాలకి పోవడం అంటే ఒకటే దారి. బీటెక్ అవ్వాలి, కన్సల్టెన్సీల చుట్టూ తిరగాలి, పొలమో ఇల్లో బ్యాంకులో పెట్టి 40 లక్షలో 50 లక్షలో లోన్ తీయాలి, అమెరికా పోయి ఎంఎస్ చేయాలి, ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే గడువు) అయ్యేలోపు ఉద్యోగం రావాలి, ఆ తర్వాత హెచ్1బీ లాటరీలో పేరు రావాలి. ఏడాదికి ఉండేవి 85 వేల వీసాలు, పైగా 2025 సెప్టెంబర్‌లో కొత్త అప్లికేషన్లకి లక్ష డాలర్ల ఫీజు అని ఇంకో పిడుగు. ఇంత పొడుగు ప్లాన్‌లో తిరిగి రావడం అనే మాటే ఎక్కడా లేదు చూడండి. ఎవరైనా తిరిగొచ్చారంటే అక్కడేదో తేడా కొట్టిందనే అనుకుంటారు, పెళ్ళిళ్ళలో పక్కకి పిలిచి ఏమైంది అని అడుగుతారు.

అందుకే ఎక్స్చేంజ్ సెమిస్టర్, అంటే ఇక్కడి చదువు మధ్యలో ఒక సెమిస్టర్ విదేశీ యూనివర్సిటీలో చదివి రావడం, అనేసరికి మనవాళ్ళకి అసలు మింగుడు పడదు. డిగ్రీ రాదు, ఉద్యోగం రాదు, ఆర్నెల్లకి తిరిగొచ్చేస్తారు, మరి అంత దూరం పోవడం ఎందుకు? మా పిన్ని నన్ను ఫోన్లో అడిగింది కూడా ఇదే. చెల్లి ఇక్కడ చెన్నైలోనే సివిల్ రెండో సంవత్సరం చదువుతోంది, కాలేజీ వాళ్ళు ఆస్ట్రియాలోని వియన్నాకి, అంటే నేను పోయొచ్చిన ఊరికే, నామినేట్ చేస్తామన్నారు. "ఏంది పాపా, అంత డబ్బు పెట్టి పోయి మళ్ళీ ఆర్నెల్లకే వచ్చేదానికా? ఆ డబ్బులేవో ఎంఎస్‌కి దాచుకోవచ్చు గదా" అంది. పిన్ని ఒక్కతే కాదు, గూడూరు నించి తడ దాకా మా చుట్టాల్లో ఎవరినడిగినా ఇదే అంటారు. ఫోన్లో సగమే చెప్పగలిగాను, అందుకే మొత్తం రాస్తున్నా.

నేను చెప్పేది ఒకటే. తిరిగి రావాల్సిందే అని తెలిసి పోవడమే దాని విలువ. ఎంఎస్‌కి పోయేవాళ్ళకి అప్పు నెత్తిన ఉంటుంది కాబట్టి ఏ కోర్సు తీసుకున్నా అక్కడ ఉద్యోగం ఇస్తుందా ఇవ్వదా అనే చూడాలి, వాళ్ళని తప్పు పట్టడానికి ఏం లేదు, ఆ అప్పులో నేనున్నా అదే చేస్తాను. కానీ ఎక్స్చేంజ్‌కి పోయినవాళ్ళకి ఆ ఊరు మనల్ని ఉంచుకుంటుందా లేదా అనే బెంగే ఉండదు. అక్కడ ఏది బాగుందో, ఎందుకు బాగుందో తీరిగ్గా చూడొచ్చు, చూసింది మన ఊరికి పనికొస్తుందా అని ఆలోచించొచ్చు. ఈ రెండోది ఎంఎస్‌కి పోయిన మా క్లాస్‌మేట్స్‌లో ఎవరికీ కుదరలేదు, తెలివి లేక కాదు, టైమ్ లేక.

ముందు డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే ఇంట్లో మాట ఆగిపోయేది అక్కడే. ఎక్స్చేంజ్ అంటే రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం. మన పిల్లలు ఇద్దరు అటు పోతారు, వాళ్ళ పిల్లలు ఇద్దరు ఇటు వస్తారు, ఎవరి ఫీజు వాళ్ళ సొంత కాలేజీకే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. మిగిలేది ఫ్లైట్, వీసా, ఇన్సూరెన్స్, హాస్టల్, తిండి. నేను పోయింది 2023 అక్టోబర్‌లో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కి, అప్పుడు యూరో 90 రూపాయల దరిదాపుల్లో ఉండేది, హాస్టల్ గదికే నెలకి 400 యూరోల పైన పోయేది, సొంతంగా వండుకుంటే అన్నీ కలిపి 900లో సరిపోయింది. నాన్న ఎల్ఐసీ పాలసీ మీద లోన్ తీశాడు, మొత్తం ఖర్చు 6 లక్షల లోపే. ఇప్పుడు యూరో 100 దాటింది కాబట్టి చెల్లికి ఇంకో లక్ష వేసుకోవాలి. తక్కువ డబ్బని నేను అనను. మా ఇంట్లో అది పెద్ద మొత్తమే. కానీ 50 లక్షల పక్కన పెట్టి చూడండి, పైగా ఆ 50 లక్షల అప్పు చేయాలా వద్దా అని తేల్చుకోడానికి కూడా ఈ ఆర్నెల్లు పనికొస్తాయి. వంట, బట్టలు, చలి, ఒంటరితనం, ఇంకో భాషలో బ్యాంకు పని, ఇవన్నీ ముందే ఒకసారి చూసేసినట్టు అవుతుంది.

ఇక చదువు. నేను పోయింది వియన్నాలో బోకు అనే యూనివర్సిటీకి, 1872లో వ్యవసాయం, అడవుల చదువుల కోసం పెట్టారు, ఇప్పుడు నీళ్ళు, నేల, వాతావరణం అన్నీ చెప్తారు. ఇంగ్లీషులో చెప్పే కోర్సులు ఎక్కువగా మాస్టర్స్ వాళ్ళవే కాబట్టి బీటెక్ మూడో ఏడాదిలో ఉన్న నేను వాళ్ళ పక్కన కూర్చోవాల్సి వచ్చింది, మొదట్లో కష్టమైంది, తర్వాత అదే బాగుంది. అక్కడ లెక్చర్ క్లాసులకి చాలావాటికి అటెండెన్స్ ఉండదు. మనకి 75 శాతం లేకపోతే హాల్ టికెట్ ఇవ్వరు కదా, అక్కడ రాకపోయినా ఎవరూ అడగరు, కానీ పరీక్షలో ప్రొఫెసర్ ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడుగుతాడు, అంటే కొన్ని కోర్సుల్లో. బట్టీ పట్టింది రెండో ప్రశ్నకే అయిపోతుంది. ఒకే పరీక్షకి సెమిస్టర్‌లో ఒకటి కంటే ఎక్కువ తేదీలు ఇస్తారు, ఫెయిలైతే మళ్ళీ రాయొచ్చు, మార్కులు 1 నించి 5, 1 అంటే బాగా వచ్చినట్టు, 5 అంటే తప్పినట్టు (ఇది నాన్నకి అర్థం చేయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది). ఫెయిలవ్వడం అక్కడ సిగ్గుపడే విషయం కాదు, నా పక్కన కూర్చునే అబ్బాయి ఒకే పేపర్ మూడోసారి రాస్తూ మామూలుగా చెప్పుకునేవాడు. మన దగ్గర ఒక్క బ్యాక్‌లాగ్ ఉంటే కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకే రానివ్వరు. ఇది చూశాక నాకు మన పద్ధతి మీద కోపం వచ్చింది, ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

క్రెడిట్ల లెక్క కూడా చెప్పాలి. యూరప్‌లో సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నించి 30 గంటల పని, అందులో క్లాసులో కూర్చున్న టైమ్, ఇంట్లో చదివిన టైమ్, రిపోర్ట్ రాసిన టైమ్ అన్నీ వస్తాయి. మనకేమో వారానికి ఎన్ని గంటలు క్లాసు అనేదాన్ని బట్టే క్రెడిట్. అంటే వాళ్ళు విద్యార్థి ఎంత పని చేశాడో కొలుస్తారు, మనం మేష్టారు ఎంతసేపు చెప్పాడో కొలుస్తాం. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి, దానికి తర్వాత వస్తాను.

వియన్నాలో నేను చూసిన వాటిల్లో అసలైంది నీళ్ళు. రాజభవనాలు, సంగీతం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకు అవి తెలియవు కూడా. ఆ ఊరికి తాగునీళ్ళు ఆల్ప్స్ కొండల్లోని ఊటల నించి వస్తాయి, మొదటి లైన్ 1873లో, రెండోది 1910లో వేశారు, కొండ మీద నించి వాలుకి అలా నడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చేస్తాయి, పంపులతో పని లేదు. 150 ఏళ్ళ నాటి లైన్, ఇప్పటికీ హాస్టల్‌లో కుళాయి తిప్పితే ఆ నీళ్ళే. ఆ ఊటల చుట్టూ ఉన్న అడవుల్ని కూడా ఊరే చూసుకుంటుంది, 2001లో ఈ నీళ్ళకి రాజ్యాంగపరంగా రక్షణ కూడా పెట్టుకున్నారు.

ఇది విని నాకు గుర్తొచ్చింది కండలేరు రిజర్వాయర్. చెన్నైలో ఉండే తెలుగువాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు, ఈ ఊరు తాగే నీళ్ళలో కృష్ణ నీళ్ళున్నాయి. 1983 ఒప్పందం ప్రకారం శ్రీశైలం నించి సోమశిల, అక్కడి నించి మా నెల్లూరు వైపు రాపూరు దగ్గర కండలేరు, అక్కడ నించి 152 కిలోమీటర్లు కాలువలో నడిచి ఊత్తుకోట దగ్గర తమిళనాడులోకి వచ్చి పూండి చెరువులో కలుస్తాయి. 1996లో మొదటిసారి వచ్చాయి. కట్టిన కాలువ గట్లు తెగి, నీళ్ళు దారిలోనే ఇంకిపోయి, తర్వాత సత్యసాయి ట్రస్ట్ డబ్బుతో బాగుచేయించాల్సి వచ్చింది. 2019 ఎండాకాలంలో చెన్నై చెరువులు నాలుగూ ఎండిపోయి ట్యాంకర్ల కోసం జనం రాత్రుళ్ళు కాచుకున్న సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా ఊరి పక్క నించే పోయే కాలువ, చిన్నప్పటి నించి బస్సులోంచి చూస్తూనే ఉన్నా, దాని గురించి మొదటిసారి ఒక ఇంజనీర్‌లా ఆలోచించింది మాత్రం వియన్నాలో.

రెండోది వరద. డాన్యూబ్ నది వియన్నాని ముంచిన సందర్భాలు చాలా ఉన్నాయి. 1870ల్లో నదిని తిన్నగా చేశారు, అది చాలలేదు, మళ్ళీ 1972 నించి 1988 దాకా నది పక్కనే ఇంకో నదిని తవ్వారు, కొత్త డాన్యూబ్ అని. మామూలు రోజుల్లో అది చెరువులా నిలకడగా ఉంటుంది, జనం ఈతలు కొడతారు, వరదొస్తే పైన గేట్లు ఎత్తి నీళ్ళు అందులోకి వదులుతారు. తవ్విన మట్టిని పారేయకుండా రెండిటి మధ్యా పోసి 21 కిలోమీటర్ల పొడుగు దీవి చేశారు, అక్కడ ఇళ్ళు కట్టనివ్వలేదు, ఊరందరికీ పార్కు. ఎంత వరదకి తట్టుకోవాలి అని లెక్క వేసేటప్పుడు 1501లో వచ్చిన వరదని తీసుకున్నారు, సెకనుకి 14 వేల ఘనపు మీటర్లు. ఐదు వందల ఏళ్ళ నాటి వరద! మా ప్రొఫెసర్ ఈ అంకె చెప్పినప్పుడు నేను నోట్స్‌లో రెండుసార్లు గీత గీసుకున్నా. డాన్యూబ్ నించి ఊళ్ళోకి డాన్యూబ్ కాలువ చీలే చోట బోకు వాళ్ళ కొత్త హైడ్రాలిక్ ల్యాబ్ ఉంది, 2023లోనే తెరిచారు, డాన్యూబ్‌కీ డాన్యూబ్ కాలువకీ మధ్య 3 మీటర్ల ఎత్తు తేడా ఉంది కాబట్టి పంపు అనేది లేకుండా సెకనుకి 10 వేల లీటర్లు ల్యాబ్‌లో పారించగలరు. మా కాలేజీ ల్యాబ్‌లో ఫ్లూమ్ (నీళ్ళు పారించి చూసే తొట్టి) గురించి నేనిక్కడ రాయను.

సరిగ్గా ఆ సెమిస్టర్ మధ్యలో, 2023 డిసెంబర్ మొదటివారంలో, మిచౌంగ్ వచ్చింది. చెన్నైలో రెండు రోజులు కుండపోత, ఎయిర్‌పోర్ట్ మూసేశారు, వేళచ్చేరి, పెరుంగుడి, పళ్ళికరణై నీళ్ళలో, నా రూమ్మేట్స్ మొదటి అంతస్తులో కరెంటు లేకుండా ఇరుక్కుపోయారు, తుఫాను అటు నెల్లూరు మీదుగా పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది, ఇంటికి ఫోన్ కలవదు. నేను అక్కడ మంచులో కూర్చుని వాట్సాప్‌లో ఒకటే టిక్ చూస్తూ ఉన్నా. ఆ వారం క్లాసులో ప్రొఫెసర్ నన్ను లేపి మీ ఊరి గురించి చెప్పు అన్నారు, చెప్పాను, అంతా విని ఒకటే అడిగారు, వరద నీళ్ళు ఎటు పోవాలని మీ ఊరి ప్లాన్? ఆ ప్రశ్న పట్టుకుని ఆ సెమిస్టర్ రిపోర్ట్ మొత్తం పళ్ళికరణై మీదే రాశాను. ఆ చిత్తడి నేల ఒకప్పుడు ఎంతుండేది, ఇప్పుడు దాదాపు పదో వంతే ఎలా మిగిలింది, చెరువుల నీళ్ళన్నీ అక్కడికి చేరి ఒక్కియం మడువు అనే వాగు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడి కోవళం వైపు సముద్రంలో కలవాలి, ఆ దారిలో ఎక్కడ చెత్త కుప్ప ఉంది, ఎక్కడ ఐటీ బిల్డింగులున్నాయి, అదే కాలువలో ఇంకో చోట ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు ఎలా నిలబెట్టారు. అక్కడి క్లాస్‌మేట్స్ మ్యాపులు చూసి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. చెన్నైలో నాలుగేళ్ళ సిలబస్‌లో పళ్ళికరణై పేరు ఒక్కసారి కూడా రాలేదు, మా హాస్టల్ నించి బస్సులో అరగంట.

అలాగని అక్కడ అన్నీ బాగున్నాయని చెప్పను. 2024 సెప్టెంబర్‌లో ఆస్ట్రియాలో పెద్ద వర్షాలు పడ్డాయి, అప్పటికి నేను తిరిగొచ్చేశా, ఇక్కడ ఫోన్లో చూశా. కొత్త డాన్యూబ్ తన పని తను చేసింది, కానీ ఊరి మధ్య పారే చిన్న వీన్ నది ఉప్పొంగి పక్కనే పోయే మెట్రో లైన్ ఆపేయాల్సి వచ్చింది. పెద్ద నదికి అంత చేసినవాళ్ళకి చిన్న నది దెబ్బ కొట్టింది. ఇది మనకి ఇంకా ఎక్కువ పనికొచ్చే పాఠం, మన దగ్గర అడయారు గురించి అయినా మాట్లాడతారు, దాంట్లో కలిసే చిన్న వాగుల గురించి ఎవరూ మాట్లాడరు. ఇప్పుడు నేను చేసే ఉద్యోగం వాన నీటి కాలువల డిజైన్, చెన్నైలోనే. వియన్నా పోకపోతే ఐటీలో ఉండేదాన్ని, ఇది మాత్రం కచ్చితం.

ఇక మన నెల్లూరోళ్ళకి పోయి రావడం కొత్తా? తాతల కాలం నించి పెద్ద జబ్బు చేస్తే మద్రాసు, పెళ్ళి చీరలకి మద్రాసు, కొత్త సినిమాకి మద్రాసు, పొద్దున రైలెక్కి పోవడం, పని చూసుకోవడం, రాత్రికి ఇంటికి చేరడం. మద్రాసులో ఇల్లు కొని ఉండిపోయినవాళ్ళనే గొప్పోళ్ళు అనుకోలేదు కదా మనం, అక్కడ చూసొచ్చి ఊళ్ళో నర్సింగ్ హోమ్ పెట్టినవాళ్ళని, స్కూలు పెట్టినవాళ్ళని ఇప్పటికీ తలుచుకుంటాం. ఎక్స్చేంజ్ అంతే, దూరం ఎక్కువ.

తేదీల చిక్కు నిజంగా ఉంది, అది పిన్ని అడగలేదు గానీ చెల్లి అడిగింది. మన ఐదో సెమిస్టర్ జులైలో మొదలై నవంబర్‌కి అయిపోతుంది, వాళ్ళ వింటర్ సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలై జనవరి ఆఖరు దాకా. అంటే తిరిగొచ్చేసరికి ఇక్కడ ఆరో సెమిస్టర్ మొదలైపోయి ఉంటుంది, అటెండెన్స్ దగ్గర హెచ్ఓడీ కాళ్ళావేళ్ళా పడాలి. అయినా మూడో ఏడాదిలోనే పోవాలి, ఎందుకంటే ఏడో సెమిస్టర్‌లో ప్లేస్‌మెంట్లు మొదలవుతాయి, అప్పుడు ఊళ్ళో లేకపోతే కష్టం.

అసలు దెబ్బ తగిలేది మాత్రం తిరిగొచ్చాక. నేను అక్కడ పాసైన కోర్సుల్లో రెండిటిని మా కాలేజీ ఒప్పుకోలేదు. సిలబస్ 80 శాతం కలవాలట, యూనిట్ యూనిట్‌కీ పోల్చి చూసి కలవలేదన్నారు. పోయేముందు ఈ-మెయిల్‌లో సరే అన్నవాళ్ళే వచ్చాక మారిపోయారు. జూనియర్లతో కూర్చుని సప్లీ రాశాను, అదే విషయం, ఈసారి బట్టీ పట్టి. నా తర్వాత మా డిపార్ట్‌మెంట్ నించి ఎవరూ పోలేదు, నన్ను చూసి భయపడ్డారు, వాళ్ళది తప్పు కాదు.

ఇది నాకొక్కదానికే జరిగింది కాదని తర్వాత తెలిసింది. సోఫియా కొరాడి అని ఇటలీ ఆవిడ, రోమ్‌లో లా చదువుతూ ఫుల్‌బ్రైట్ మీద 1957లో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీకి పోయి మాస్టర్స్ చేసుకొచ్చింది. రోమ్‌లో ఆ చదువు లెక్కలోకి రాదన్నారు, అందరి ముందూ అవమానంగా మాట్లాడారు. ఆవిడ ఊరుకోలేదు. 1969 నించి మంత్రుల చుట్టూ, యూనివర్సిటీ పెద్దల చుట్టూ తిరిగి, బయట చదివింది ఇంటి దగ్గర లెక్కలోకి రావాల్సిందే అని వాదించి వాదించి, చివరికి 1987లో ఎరాస్మస్ ప్రోగ్రామ్ వచ్చింది. మొదటి ఏడాది 11 దేశాల నించి 3,244 మంది పోయారు, ఇప్పటికి లక్షల మంది పోయి ఉంటారు. 2025 అక్టోబర్‌లో ఆవిడ చనిపోయింది. యూరప్‌లో ఎవరో ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చుని సంతకాలు పెడితే వచ్చింది కాదు ఎరాస్మస్, తిరిగొచ్చిన ఒక అమ్మాయి చదువుని కౌంటర్ దగ్గర కాదన్నందుకు మొదలైంది.

మన దగ్గరా నియమాలు లేక కాదు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఒక కాలేజీలో తెచ్చుకున్న క్రెడిట్లు దాచుకుని ఇంకో చోట వాడుకునే పద్ధతి) 2021లోనే వచ్చింది. ఎరాస్మస్ డబ్బు మనకీ వస్తుంది, కాలేజీల మధ్య ఆ ప్రాజెక్ట్ ఉంటే ఇక్కడి నించి పోయే పిల్లలకి నెలకి 800 నించి 900 యూరోల దాకా ఇస్తారు, అప్లికేషన్ కూడా అక్కడి యూనివర్సిటీ వాళ్ళే పెట్టాలి, మన వాళ్ళు కూర్చుని మాట్లాడితే చాలు. ఫ్రాన్స్‌కి పోయేవాళ్ళకైతే చార్పాక్ స్కాలర్‌షిప్ ఉంది. ఇవి తెలియని కాలేజీలు బ్రోషర్లో మాత్రం 30 దేశాల జెండాలు వేసుకుంటాయి, అడ్మిషన్ల టైమ్‌లో తల్లిదండ్రులకి చూపించి ఫీజు కట్టించుకుంటాయి. ఏ జెండా కింద ఎంతమంది పోయొచ్చారు, వాళ్ళ క్రెడిట్లు ఎన్ని ఒప్పుకున్నారు అని అడగండి. నేను ఇప్పుడు తెలిసినవాళ్ళందరికీ చెప్తున్నా, కౌన్సెలింగ్ అప్పుడే అడగండి అని. దీని వల్ల నష్టపోయేది డబ్బున్న పిల్లలు కాదు, వాళ్ళు ఒక సెమిస్టర్ పోయినా సమ్మర్ స్కూల్ పేరుతో మళ్ళీ పోతారు. ఎల్ఐసీ మీద లోన్ తీసి పంపే ఇళ్ళ పిల్లలే ఆ రెండు సప్లీల భయంతో ఆగిపోతున్నారు.

టూర్లు కొట్టడానికే పోతారు అని ఇంకో మాట ఉంది. కొంతమంది అలాగే చేస్తారు. వియన్నా నించి బ్రాటిస్లావా రైల్లో గంట, ఇంకో దేశం, పోకుండా ఎలా ఉంటాం, నేనూ పోయాను. ఇరవయ్యేళ్ళ పిల్ల రైలెక్కి ఇంకో దేశం పోయి భయపడకుండా తిరిగొస్తే దాంట్లో నష్టం ఏముందో నాకు అర్థం కాదు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, ఆదివారం షాపులు మూసేస్తారు, పలకరించే మనిషి ఉండడు, పండగకి ఇల్లు గుర్తొస్తుంది. ఏడుపొచ్చిన రోజులున్నాయి, చెల్లికి అవి దాచకుండా చెప్పాను. ఎన్నాళ్ళో తెలియని ఒంటరితనం వేరు, ఫిబ్రవరిలో ఇంటికి పోతాను అని తెలిసిన ఒంటరితనం వేరు, రెండోది తట్టుకోగలం.

నిన్న రాత్రి చెల్లి, నేను కూర్చుని కోర్సులు చూశాం. చెల్లి వాళ్ళది గూడూరు దగ్గర కోట అనే ఊరి వైపు, బాబాయికి రొయ్యల గుంటలున్నాయి, ఆ చుట్టుపక్కల బోర్లలో నీళ్ళు ఏటేటా ఉప్పు తేలుతున్నాయి, అందుకని భూగర్భ జలాల మీద ఒక కోర్సు కచ్చితంగా తీసుకుంటానంది, అది నేను చెప్పింది కాదు, తనే వెతుక్కుంది. నాలుగు కోర్సులకి సమానమైన పేపర్లు ఇక్కడ దొరికాయి, మూడిటికి హెచ్ఓడీ సంతకం పెట్టారు, కాలేజీ స్టాంపుతో, ఈ-మెయిల్ కాదు. ఈ భూగర్భ జలాల కోర్సుకే ఇంకా పెట్టలేదు. సోమవారం సిలబస్ కాపీ తీసుకుని మళ్ళీ పోతుంది, నేను కూడా లీవ్ పెట్టి దానితో పోతున్నా. పిన్నీ, బాబాయికి ఇది చదివి వినిపించు, నామినేషన్‌కి మీ ఇద్దరి సంతకాలూ కావాలి.